ఫలం వద్దన్న గానీ, నీళ్లు రావొద్దన్ననా?



ఈ వారం వీడియోలో భగవద్గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం దగ్గర ఆగాం కదా. పని చెయ్యడం వరకే నీకు అధికారం, ఫలం మీద కాదు అని కృష్ణుడు అర్జునుడికి చెప్పే చోటు. గీత ఎప్పుడూ తెరవని వాళ్లకి కూడా నోటికి వచ్చిన శ్లోకం అది. టైమ్ సరిపోక వీడియోలో ఒక ప్రశ్న పక్కన పెట్టేశాం. ఫలితం మనది కాదు అనుకున్నాక, పని బాగా చెయ్యాలని ఎందుకు అనిపిస్తుంది? ఈ ప్రశ్నకి జవాబు నాకు పుస్తకంలో కంటే ముందు మా పెద్దనాయన దగ్గర దొరికింది. అందుకే ఈ పోస్ట్ కొంచెం మా ఊరి కథలా ఉంటుంది. ఓపిగ్గా చదవండి.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. కొన్నేళ్ల కింద డాక్టర్ అపాయింట్‌మెంట్లు బుక్ చేసుకునే ఒక యాప్ మీద పని చేశాను. ఒక శుక్రవారం రాత్రి కొత్త వెర్షన్ రిలీజ్ చేశాం. టెస్టులన్నీ పాసయ్యాయి, నేను ల్యాప్‌టాప్ మూసి పడుకున్నాను. తెల్లారి చూస్తే బుకింగ్‌లు సగం ఆగిపోయి ఉన్నాయి. పడుకునే ముందు ఒక్కసారి లాగ్స్ చూసి ఉంటే తెలిసిపోయేది. అది నాకు తెలిసి కూడా, మా లీడ్ ఫోన్ చేస్తే నవ్వుతూ "మన కర్మ మనం చేశాం అన్నా, ఫలం కృష్ణార్పణం" అన్నాను. కాల్‌లో ఉన్న అందరూ నవ్వారు. ఆ రోజు ఎంతమంది ముసలివాళ్లు ఆసుపత్రి దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారో ఎవరూ లెక్కపెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ఆ సంక్రాంతికి ఊరికి వెళ్లాను. మాది నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర పల్లె. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా మహబూబ్‌నగర్ జిల్లానే. పండక్కి సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర ఉంటుంది కాబట్టి ఇంటి నిండా చుట్టాలు. రాత్రి అన్నాలు తిన్నాక ఈ కథ నేనే జోకులాగా చెప్పాను. అందరూ నవ్వారు, మా పెద్దనాయన మాత్రం నవ్వలేదు.

"అంటే పైపు ఏసినం, మోటర్ పెట్టినం, ఇగ నీళ్లొస్తె రానీ, రాకుంటె పోనీ అన్నట్టా?" అన్నాడు.

"గీతల అట్లనే ఉంది గదా పెద్దనాయనా, ఫలం వద్దనుకోవాలె అని."

"నేను గూడ ఫలం వద్దనే అన్న. ఫలం వద్దన్న గానీ, నీళ్లు రావొద్దన్ననా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆయన ఎవరో చెప్పాలి.

పంచాయతీలో 35 ఏళ్లు

మా పెద్దనాయన గ్రామ పంచాయతీలో కారోబార్‌గా పనిచేశాడు. 1974లో చేరి 2009లో దిగిపోయాడు. సిటీలో పెరిగిన వాళ్లకి కారోబార్ అంటే తెలియకపోవచ్చు. ఇంటి పన్ను, నల్లా బిల్లు వసూలు చేసేది ఆయనే. పుట్టినోళ్ల పేర్లు, పోయినోళ్ల పేర్లు రాసేది ఆయనే. గ్రామసభ ఉందని చాటింపు వేయించాలి, తీర్మానాల పుస్తకం దాచాలి, వీధిలైటు పోతే మార్పించాలి, మోరీ నిండితే తీయించాలి, బోరు మోటర్ కాలితే బండి మీద వేసుకుని కొల్లాపూర్‌కి పోయి బాగు చేయించుకుని రావాలి. సర్పంచులు మారుతుంటారు, పార్టీలు మారుతుంటాయి, కారోబార్ మాత్రం అక్కడే ఉంటాడు.

మా జిల్లాకి ఈ పంచాయతీల కథలో ఒక చోటుంది. 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ని ప్రారంభించారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో మొదటి పంచాయతీ సమితి మొదలైంది, అదీ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో. ఊరి పనులు ఊరివాళ్లే చూసుకోవాలన్న ఆలోచన మన రాష్ట్రంలో అలా మా జిల్లాలోనే మొదటి అడుగు వేసింది. ఆ ఆలోచనని రోజూ పొద్దున ఐదింటికి లేచి నడిపించింది మాత్రం ఇలాంటి చిన్న ఉద్యోగులే. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు.

మునిగిపోయిన పని

1963లో శ్రీశైలం ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. 1980ల మొదట్లో నీళ్లు నిలిపినప్పుడు అటు కర్నూలు జిల్లాలో, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణ, తుంగభద్ర ఒడ్డున వంద దాకా ఊళ్లు మునిగిపోయాయి. వాటిలో మా పాత ఊరు ఒకటి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, సోమశిల సోమేశ్వరుడి గుడి లాంటివాటిని విప్పి, రాయి మీద రాయి పేర్చి ఎత్తైన చోట మళ్లీ కట్టారు. దేవుళ్లు మనతో పాటు ఒడ్డెక్కినందుకు మా వాళ్లు ఇప్పటికీ సంతోషపడతారు. కానీ పెద్దనాయన పూడిక తీయించి, గోడ కట్టించి, వారం వారం బ్లీచింగ్ పౌడర్ చల్లించిన మంచినీళ్ల బావి ఉంది చూశారా, దాన్ని ఎవరు విప్పి తెస్తారు? ఆయన ఏడేళ్ల పని మొత్తం నీళ్ల కిందికి పోయింది.

కొత్త ఊళ్లో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. వీధులకి ముగ్గు గీసిన రోజు నుంచి ఇళ్లకి నంబర్లు వేసేదాకా. ఎండాకాలంలో నది వెనక్కి తగ్గితే పాత ఊరి గోడల మొదళ్లు, రాళ్లు తేలతాయి. చిన్నప్పుడు ఒకసారి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. నెర్రెలు విచ్చిన బురద మీద నిలబడి, ఒక రాళ్ల కుప్ప చూపించి, "ఇదే బావి. నీళ్లు మంచి తియ్యగుండె" అన్నాడు. అంతే. ఎవర్నీ తిట్టలేదు, ఏడవలేదు.

దీనికంటే కష్టమైన ముచ్చట ఇంకొకటి. ముంపు కుటుంబాలకి ఉద్యోగాలు ఇవ్వాలని 1986లో జీవో 98 వచ్చింది. మా వైపు ఇప్పటికీ ఆ జీవో పేరు చెబితే తెలియని ఇల్లు ఉండదు. దాని కోసం కాగితాలు పట్టుకుని తిరుగుతూనే జుట్టు నెరిసిపోయిన వాళ్లు ఉన్నారు. చదువురాని వాళ్లందరికీ దరఖాస్తులు రాసిపెట్టింది మా పెద్దనాయనే. ఇంటి అరుగు మీద కూర్చుని, సర్టిఫికెట్లు జత చేసి, ఏ ఆఫీసులో ఎవరికి ఇవ్వాలో చెప్పి పంపేవాడు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. చాలామందికి రాలేదు. రాని వాళ్లు మళ్లీ వస్తే మళ్లీ రాసేవాడు.

ఇక్కడే నాకు గీత పద్దెనిమిదో అధ్యాయం గుర్తొస్తుంది. అందులో కృష్ణుడు పనిని, పనిచేసే వాడిని మూడు రకాలుగా విడదీస్తాడు. 26వ శ్లోకంలో సాత్త్విక కర్త ఎవరో చెబుతాడు. నేనే చేశాను అనని వాడు, ధైర్యం, ఉత్సాహం రెండూ ఉన్నవాడు, పని అయినా కాకపోయినా మారని వాడు. ఇందులో ఉత్సాహం అనే గుణాన్ని మనం తరచుగా మర్చిపోతాం. నిష్కామం అంటే నీరసం అనుకుంటాం. పదో దరఖాస్తుని కూడా మొదటి దరఖాస్తంత శ్రద్ధగా రాయడానికి ఎంత ఉత్సాహం కావాలో ఆలోచించండి.

దానికి ముందున్న శ్లోకాన్ని, 25వ దాన్ని చదివిన రోజు నాకు నా శుక్రవారం రాత్రి రిలీజ్ గుర్తొచ్చింది. తర్వాత ఏమవుతుందో, ఎవరికి నష్టమో, ఎవరికి బాధ కలుగుతుందో, తనకి శక్తి ఉందో లేదో చూసుకోకుండా మొదలుపెట్టే పనిని కృష్ణుడు ఏమన్నాడో తెలుసా? తామసం అన్నాడు. అంటే ఫలం మీద హక్కు వదలమన్న అదే కృష్ణుడు, పర్యవసానం చూడని పనిని అన్నిటికంటే కింది మెట్టు మీద పెట్టాడు. నేను ఆ రోజు నిష్కామ కర్మ అని చెప్పుకున్నది నిజానికి బద్ధకం. దానికి శ్లోకం కప్పాను.

మరి వదులుకోవాల్సిన ఫలం ఏది? నీళ్లు రావడం వీధికి దక్కాల్సిన ఫలం. దాన్ని వదిలేసే హక్కు కారోబార్‌కి లేదు. నీళ్లు తెచ్చింది నేను అనే పేరు, దండ, చప్పట్లు, నాకు మొక్కాలి అనే ఆశ, ఇవి తనకి దక్కాలనుకునే ఫలం. వదలాల్సింది వీటిని. మూడో అధ్యాయంలో కృష్ణుడు లోకసంగ్రహం అని పేరు పెట్టింది దీనికే అని నాకు అనిపిస్తుంది. ఫలం మీద ఆశతో మామూలు మనిషి ఎంత పట్టుదలగా పనిచేస్తాడో, జ్ఞాని లోకం బాగుండాలని అంతే పట్టుదలగా పనిచేస్తాడు. పట్టుదలలో ఇద్దరికీ తేడా లేదు. తేడా ఆ పని ఎవరి కోసం అన్న దగ్గర ఉంది.

కనిపించని ఫలితం

ఊరి పనిలో ఇంకో చిక్కుంది. బాగా చేస్తే కనపడదు. మా ఫీల్డ్‌లో సర్వర్ ఏడాదంతా ఆగకుండా నడిస్తే దాన్ని చూసుకునే వాడి పేరు ఎవరికీ తెలియదు. పది నిమిషాలు ఆగితే కంపెనీ మొత్తానికి తెలుస్తుంది. మోరీ కూడా అంతే.

నారికురుపు అనే జబ్బు పేరు మీలో ఎంతమంది విన్నారు? నేనైతే వినలేదు. దిగుడు బావుల నీళ్లు తాగితే వచ్చేది. కాలి నుంచి మూరెడు పొడవు పురుగు మెల్లగా బయటికి వచ్చేది, మనిషి నెలల తరబడి మంచం పట్టేవాడు. మన తెలుగు పల్లెల్లోనూ ఉండేది. దానికి టీకా లేదు. ఊరూరా బావుల్లో మందు చల్లి, దిగుడు మెట్లు మూయించి, నీళ్లు బట్టతో వడకట్టుకుని తాగండి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పి దాన్ని తరిమేశారు. దేశంలో చివరి కేసు 1996లో వచ్చింది, నేను పుట్టిన ఏడాది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. మందు చల్లిన ఆరోగ్య కార్యకర్తల పేర్లు, గడప గడపకీ తిరిగిన పంచాయతీ వాళ్ల పేర్లు మనకి తెలియవు. ఆ జబ్బు పేరే మనకి తెలియకపోవడం వాళ్లకి దక్కిన ఫలితం.

మహాభారతంలో లక్క ఇంటి కథ మీకు గుర్తుందా? పాండవులు కాలిపోకుండా బయటపడింది ఒక సొరంగం వల్ల. విదురుడు జనం మధ్యలో ధర్మరాజుకి మాత్రమే అర్థమయ్యేలా హెచ్చరిక చెప్పి ఊరుకోలేదు. నా మాట నేను చెప్పాను, ఇక వాళ్ల ఖర్మ అనుకోలేదు. సొరంగం తవ్వేవాణ్ణి పంపాడు, గంగ దాటడానికి పడవ పంపాడు. నిష్కామ కర్మకి పేరుపడ్డ విదురుడు ఫలితం గురించి ఎంత పట్టించుకున్నాడో చూడండి. ఆ తవ్వినవాడికి కథలో పేరు లేదు, ఖనకుడు అంటే తవ్వేవాడు అనే అర్థం. ఇంటి నేల మీద మూత పెట్టి, పైన మట్టి సమానంగా కప్పి, ఎవరికీ అనుమానం రాకుండా తవ్వాడు. వాడి పని ఎవరికీ కనపడకపోవడమే వాడి పనితనం. మహాభారతం చదివేటప్పుడు ఈ తవ్వేవాడి దగ్గర ఒక్క క్షణం ఆగండి. పాండవులు బతికి బయటపడింది వాడు తవ్విన దారిలోనే.

జీతం ఫలం కాదు

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, చెప్పకపోతే తప్పు. నిష్కామ కర్మ అనే మాట వినగానే కొందరికి భలే సౌకర్యంగా అనిపిస్తుంది. మోరీలు తీసేవాళ్లతో, చెత్త ఎత్తేవాళ్లతో "మీది సేవ, దేవుడు చూస్తాడు" అనేసి జీతం సంగతి దాటేయొచ్చు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తెలంగాణ పల్లెల్లో మల్టీపర్పస్ వర్కర్లు అనే పేరుతో ఊరి పనంతా చేసిన వాళ్లకి మొదట ఇచ్చింది నెలకి 8,500 రూపాయలు. మన సిటీలో కొందరి వీకెండ్ ఖర్చు అది.

మా పెద్దనాయనకి కూడా ఒకసారి ఆరు నెలలు జీతం రాలేదు. అప్పుడాయన మిగతా కారోబార్లతో కలిసి జిల్లా కేంద్రానికి పోయి ధర్నాలో కూర్చున్నాడు. ఇది విన్నప్పుడు నాకు కొంచెం వింతగా అనిపించి అడిగాను. ఫలం వద్దన్నవాడివి, జీతం కోసం ధర్నా ఎందుకు చేసినవ్ అని.

"జీతం ఫలం కాదురా, అది తిండి. ఎద్దుకు గడ్డెయ్యకుంటె దున్నుతదా? దున్ననియ్యకపోతె పాపం ఎవలది?"

దీనికి శాస్త్రం వెతకాల్సిన అవసరం నాకు కనపడలేదు. 47వ శ్లోకం అర్జునుడు తనకి తాను అన్వయించుకోవడానికి చెప్పింది. ఎదుటివాడి కూలి ఎగ్గొట్టడానికి చెప్పింది కాదు. నిష్కామం ఎవరికి వాళ్లు పెట్టుకోవాల్సిన నియమం. ఇంకొకడి మీద రుద్దితే అది దోపిడీ అవుతుంది, దానికి కృష్ణుడి పేరు వాడుకోవడం ఇంకా పెద్ద తప్పు. మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో, చెత్త బండి అన్నతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికంటే చివర వదలాల్సింది

పేరు వదలడం, దండ వదలడం ఒక మోస్తరు కష్టం. వాటికంటే కష్టమైనది ఇంకొకటుందని నేను పెద్దనాయన రిటైర్ అయ్యాక చూశాను. "నేను లేకపోతే ఇది నడవదు" అనే భావన అది. 35 ఏళ్లు సేవ చేసినవాడికి ఆ భావన రావడంలో ఆశ్చర్యం లేదు. నిజంగానే ఊళ్లో ఏ వాల్వ్ ఎక్కడ పూడ్చి ఉందో, ఏ లైను ఏ ఇంటి కింద పోతుందో ఆయనకి ఒక్కడికే తెలుసు. తెలిసింది దాచుకుంటే చచ్చేదాకా ఊరు ఆయన గుమ్మం ముందు నిలబడేది. మా ఐటీలో ఇలా కోడ్ తన తలకాయలోనే దాచుకుని కుర్చీ కాపాడుకునే వాళ్లని నేను చాలామందిని చూశాను. నేను కూడా కొన్నాళ్లు అలాగే ఉన్నాను.

ఆయన దిగిపోయే ముందు ఏడాది ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. వీధి వీధీ బొమ్మ గీశాడు. "యాపచెట్టుకాడికెళ్లి ఏడు అడుగులు, బండ కింద గేట్‌వాల్వ్" అని రాశాడు. మోటర్ ఏ చప్పుడు చేస్తే బేరింగ్ పోయినట్టో కూడా రాశాడు. కొత్తగా వచ్చిన పిల్లవాణ్ణి మూడు నెలలు వెంట తిప్పుకున్నాడు. ఆ తర్వాత పంచాయతీ ఆఫీసుకి పోవడం మానేశాడు. పిలిస్తే పోయేవాడు, పిలవకపోతే పోలేదు.

ఫలత్యాగం ఆఖరి మెట్టు ఇదేనని నాకిప్పుడు అనిపిస్తుంది. నేను లేకపోయినా నీళ్లు రావాలి అని కోరుకోవడం, కోరుకుని ఊరుకోకుండా దానికి కావలసిన ఏర్పాటంతా చేసి పక్కకి జరగడం. భాగవతంలో విదురుడు కూడా దుర్యోధనుడు నిండు సభలో అవమానిస్తే, విల్లు ద్వారం దగ్గర పెట్టి తీర్థయాత్రకి వెళ్లిపోయాడు. నేను పోతే హస్తినాపురం ఏమవుతుంది అని గుమ్మం పట్టుకు వేలాడలేదు. కానీ అంతా అయిపోయాక, కొడుకుల్ని పోగొట్టుకున్న ముసలి ధృతరాష్ట్రుడి దగ్గరికి తిరిగొచ్చి మళ్లీ మంచి మాటే చెప్పాడు. ఏళ్ల తరబడి వినని అన్న ఆ రోజు విన్నాడు. నేను అప్పుడే చెప్పానుగా అని విదురుడు లెక్కలు తీయలేదు.

మన తరం నిష్కామ కర్మని స్ట్రెస్ తగ్గించుకునే టెక్నిక్‌గా వాడుకుంటోంది. అప్రైజల్ రాకపోతే ఒక శ్లోకం, రిలీజ్ ఫెయిలైతే ఒక శ్లోకం. తప్పు లేదు, మనసుకి ఊరట కావాలి. కాకపోతే ఆ శ్లోకం చదివే ముందు ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. ఇప్పుడు నేను వదిలేస్తున్నది నాకు రావాల్సిన పేరునా, లేక ఎదుటివాడికి రావాల్సిన నీళ్లనా?

ఆ సంక్రాంతి మర్నాడు పొద్దున ఐదింటికి నాకు మెలకువ వచ్చింది. బయట చలి. పెద్దనాయన అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. దూరంగా బోరు మోటర్ మొదలైన చప్పుడు వినపడింది. ఆయన కదల్లేదు, చెవి మాత్రం అటు పెట్టాడు. కాసేపటికి మా నల్లాలో గాలి బుసకొట్టి, నీళ్లు పడ్డాయి. పక్కింటి నల్లాలో, దాని పక్క దాంట్లో కూడా బకెట్ల చప్పుడు మొదలైంది.

"పిలగాడు టైముకే ఇడిసిండు" అని, లేచి మొహం కడుక్కోవడానికి వెళ్లాడు.

వచ్చే వారం మూడో అధ్యాయం మొదలుపెడదాం. అప్పటిదాకా సెలవు. సర్వే జనాః సుఖినో భవంతు.